కల్లు దుకాణం మూతపడ్డాక మా నాయనకు వణుకు, మతిభ్రమ: మానితే జబ్బు ఎందుకు వస్తుంది?

డిండి వాగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను; అమ్మ, నాయన ఊళ్లోనే ఉంటారు. అరవై దాటిన మా నాయనకు ఏళ్లుగా పొద్దున, సాయంత్రం కల్లు దుకాణానికి వెళ్లడం అలవాటు. బ్రాందీ, విస్కీ ఎప్పుడూ ముట్టరు. కల్లు చెట్టు నుంచి దిగేదే కనుక ఇంట్లో దాన్ని వ్యసనం కింద లెక్కగట్టినవారు లేరు.

ఈ మధ్య ఎక్సైజ్ వారి తనిఖీల తర్వాత మా చుట్టుపక్కల దుకాణాలు మూతపడ్డాయి. ఆ రాత్రే ఆయనకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఒళ్లంతా చెమట, చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకుపోలేనంత వణుకు. ఆ తర్వాత దుప్పటి మీద లేని చీమలను వేళ్లతో ఏరి పక్కన పడేయడం, ఎప్పుడో చనిపోయిన మా పెదనాయనను వాకిట్లో నిలబడినట్టు పిలవడం మొదలుపెట్టారు. గాలి సోకిందని, తాయెత్తు కట్టించమని పక్కింటివారు అంటున్నారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కించి, ఒక చిన్న మాత్ర ఇచ్చారు. ఆ మాత్రతో నాయన హాయిగా నిద్రపోయి, లేచాక మామూలుగా మాట్లాడారు; సాయంత్రానికి మళ్లీ అదే పరిస్థితి.

తాగినందుకు జబ్బు చేయడం అర్థమవుతుంది గాని, మానినందుకు జబ్బు చేయడం ఎలా సాధ్యం? ఆ మాత్ర ఏమై ఉంటుంది? ఆయన మోకాళ్ల నొప్పులకు రోజూ గోలీలు వేసుకుంటారు, మా తమ్ముడు గుట్కా నములుతాడు. ఊళ్లో మీటింగ్ పెడితే మాత్రం అందరూ గంజాయి గురించే మాట్లాడతారు. వీటన్నిటిలో శరీరానికి, మనసుకు ఏది ఏమి చేస్తుందో తెలిసినవారు వివరించగలరు.

పాలమూరు వైద్యుడు

ముందు చేయవలసిన పని చెప్పి, ఆ తర్వాత కారణాలలోకి వెళతాను. మీరు రాసిన లక్షణాలు ప్రాణం మీదికి తేగలవి. ఆయనను ఈ రోజే దేవరకొండ ప్రభుత్వ ఆసుపత్రికి గాని, నల్లగొండ జనరల్ ఆసుపత్రికి గాని తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా 108కి ఫోన్ చేయండి. రోజుకు ఎన్ని సీసాలు తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో వైద్యుడికి ఉన్నదున్నట్టు చెప్పి, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర అట్టను కూడా చూపండి. పరువు పోతుందని కల్లు సంగతి దాచిపెట్టి, జ్వరమనో నీరసమనో చెప్పి చేర్పించే కుటుంబాలు మా దగ్గరికి తరచుగా వస్తుంటాయి; వార్డులో ఫిట్స్ వచ్చాక గాని అసలు విషయం బయటపడదు.

ఇక కారణం. చెట్టు నుంచి దిగి పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు ఐదు శాతం ఉంటుంది. మన జిల్లాల్లో చాలా దుకాణాల కల్లులో దానికి తోడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కలుపుతున్నారని ఏళ్ల తరబడి తనిఖీల్లో బయటపడుతూనే ఉంది. ఈ మూడూ మనిషిని మగతలోకి దించే మందులే. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఒకటి, ఉద్రేకాన్ని పెంచే గ్లుటమేట్ మరొకటి నిరంతరం పనిచేస్తుంటాయి. డైజిపామ్, ఆల్ప్రజోలం గాబా బలాన్ని పెంచుతాయి. ఆల్కహాలు గాబాను పెంచడంతో పాటు గ్లుటమేట్‌ను అణచివేస్తుంది. అందుకే తాగిన కాసేపటికి భయం తగ్గుతుంది, ఒళ్లు వదులవుతుంది, మాట తడబడుతుంది, నడక తూలుతుంది, ఆ పూట జరిగినది గుర్తుండదు, మోతాదు మించితే ఊపిరి తీసుకోవడమే మందగిస్తుంది.

రోజూ ఇదే జరుగుతున్నప్పుడు మెదడు ఊరుకోదు. బయటి నుంచి వచ్చే మత్తును తట్టుకుని పనిచేయడానికి గాబాకు స్పందించే గుణాన్ని తగ్గించుకుని, గ్లుటమేట్ వైపు బలం పెంచుకుంటుంది. మొదట ఒక సీసాతో వచ్చిన మత్తుకు కొన్నాళ్లకు మూడు సీసాలు కావలసి రావడం ఇందువల్లనే. బయటి నుంచి ఒకరు అదిమి పట్టిన తలుపును లోపలి నుంచి బలమంతా పెట్టి నెడుతున్నవాడు, బయటి చేయి ఒక్కసారిగా తీసేస్తే ఎలా ముందుకు పడతాడో, కల్లు అకస్మాత్తుగా ఆగినప్పుడు మెదడు పరిస్థితి అలా ఉంటుంది. అణచిపెట్టే మందు పోయింది, దాన్ని ఎదుర్కోవడానికి పెరిగిన ఉద్రేకం అలాగే ఉండిపోయింది. వణుకు, చెమట, గుండె దడ, రక్తపోటు పెరగడం, నిద్రలేమి, చీమలు కనిపించడం, చివరికి ఫిట్స్, అన్నీ ఆ మిగిలిపోయిన ఉద్రేకం నుంచి వచ్చేవే. గాలికి, తాయెత్తుకు ఇందులో పని లేదు.

ఆల్కహాలు ఒక్కటే అయితే వణుకు ఆరు గంటల నుంచి ఒక రోజులోపు మొదలవుతుంది, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, మీరు చెప్పిన సన్నిపాతం (లేనివి కనిపించే మతిభ్రమ) రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కనిపిస్తుంది. మత్తుమందు కలిపిన కల్లు విషయంలో ఈ లెక్క తప్పుతుంది. రక్తంలో ఆల్ప్రజోలం సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడితే, డైజిపామ్‌కు, అది శరీరంలో విరిగినప్పుడు ఏర్పడే పదార్థానికి రోజులు పడతాయి. అందువల్ల మొదటి ఉధృతి తగ్గి ఇంటికి వెళ్లిన మనిషికి వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరమై సరఫరా పడిపోయినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలాది మంది ఇవే లక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్ తొలి రోజుల్లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ ఇదే జరిగింది.

ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర బహుశా ఈ డైజిపామ్, ఆల్ప్రజోలం కుటుంబానికి చెందినదే అయి ఉంటుంది. లేకపోతే అంత త్వరగా నెమ్మదించరు. ఆసుపత్రిలో మేమూ అదే జాతి మందు వాడతాం: క్లోర్‌డయాజిపాక్సైడ్ గాని డైజిపామ్ గాని, కాలేయం దెబ్బతిని ఉంటే లోరాజిపామ్. తేడా ఏమిటంటే, నాడి, రక్తపోటు, వణుకు చూస్తూ మోతాదు నిర్ణయించి, రోజురోజుకు తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాం. ఇంట్లో తోచినంత వేసి, పైన ఎక్కడో దొరికిన కల్లు కూడా తాగిస్తే రెండూ కలిసి ఊపిరిని ఆపగలవు. సెలైన్ గురించి కూడా ఒక హెచ్చరిక. ఏళ్లుగా తాగేవారిలో థయామిన్ అనే బీ1 విటమిన్ బాగా తగ్గి ఉంటుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, చూపు చెదరడం, నడక తప్పడం, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవడం వరకు జరగవచ్చు. పల్లెల్లో ఏ నీరసానికైనా ముందు గ్లూకోజ్ సీసా వేలాడదీసే అలవాటు ఉంది కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

లొట్టి

వైద్యులు చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, గీత వృత్తి చేసే కుటుంబం నుంచి వచ్చినవాడిగా కొంత చెప్పవలసి ఉంది. తెల్లవారుజామున మోకు కట్టి చెట్టెక్కి దించిన లొట్టిలో ఉన్నది వేరు, దుకాణంలో సీసాలో పోసేది వేరు. సున్నం పూసిన లొట్టిలో పట్టిన నీరా పులియదు, అందులో మత్తు ఉండదు. సున్నం లేని లొట్టిలో గాలిలోని ఈస్టు చేరి గంటల్లోనే పులియబెడుతుంది. సాయంత్రానికి పులుపెక్కి, మర్నాటికి తాగడానికి పనికిరాదు. తాటిచెట్టయినా ఈతచెట్టయినా రోజుకు ఇచ్చేది ఇంతేనని ఒక హద్దు ఉంది. ఊరి చుట్టూ ఉన్న చెట్లెన్ని, ఆ ఊరి దుకాణంలో సీసాలెన్ని అమ్ముడవుతున్నాయి అని ఎవరైనా ఒక పూట కూర్చుని లెక్క వేస్తే, మిగిలినదంతా ఎక్కడి నుంచి వస్తోందో అర్థమవుతుంది. నీళ్లకు తీపి కోసం శాకరిన్, మత్తు కోసం పొడి. ఆ పొడిని తూకం వేసి కలిపేవారు మందుల శాస్త్రం చదివినవారు కారు. ఒక డ్రమ్ములో పలుచగా, మరో డ్రమ్ములో చిక్కగా పడుతుంది. నిన్న రెండు సీసాలు తాగి నడిచి ఇంటికి వెళ్లిన మనిషి ఈ రోజు అవే రెండు సీసాలకు లేవలేకపోవడానికి కారణం ఇదే.

2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి నిమ్స్‌లో చికిత్స చేయవలసి వచ్చింది. అటువంటి ప్రతి సంఘటన తర్వాత చెట్టెక్కే గీత కార్మికుడి మీదికే వేళ్లు చూపిస్తారు. పొడి తెచ్చి అమ్మేవాడికి మోకు కట్టడం కూడా రాదు.

మునుగోడు మందుల దుకాణం

ప్రశ్న అడిగిన వారు మోకాళ్ల గోలీల సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో దానికీ కల్లుకు ఇచ్చినంత ప్రాధాన్యం ఇవ్వాలి.

మొదట ఆల్ప్రజోలం గురించి. అది నిషిద్ధ పదార్థం కాదు. ఆందోళన జబ్బుకు వైద్యులు రాసే మందు. అయితే హెచ్1 షెడ్యూలులో ఉంది కనుక చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, వైద్యుడి పేరు, ఇచ్చిన పరిమాణం మేము రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అదే రసాయనం పొడి రూపంలో సంచిలో అక్రమంగా పట్టుబడితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద కేసు అవుతుంది. అణువు ఒక్కటే, చీటీతో వచ్చినా, సీసాలో కలిసి వచ్చినా మెదడులో అది చేసే పని మారదు. చట్టబద్ధమైన మందు క్షేమమనీ, నిషేధించినది మాత్రమే ప్రమాదమనీ అనుకునేవారు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

ఇప్పుడు నొప్పి గోలీలు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు దశాబ్దాల పాటు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవారు ఇంటింటా ఉన్నారు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాయి గాని, పాతికేళ్ల కిందట ఎముకలో చేరినది ఈ రోజు నీళ్లు మార్చినంత మాత్రాన దిగిపోదు. వారికి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటి గోలీ లేనిదే పొద్దు గడవదు. ఈ గోలీలు నొప్పిని, వాపును పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే ప్రోస్టాగ్లాండిన్లు. నెలల తరబడి రోజూ వేసుకుంటే కడుపులో పుండు పడి నల్లటి విరేచనం కావచ్చు. ఎండాకాలం కూలి పనిలో నీళ్లు తక్కువ తాగి, పైన బీపీ మాత్రలు కూడా వాడేవారికి మూత్రపిండాలు మెల్లగా దెబ్బతింటాయి. మూత్రపిండం నొప్పి పెట్టి హెచ్చరించదు. అందుకే ఏటా ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని నా దగ్గరకు వచ్చేవారికి చెబుతుంటాను. పది మందిలో ఒకరు వింటే గొప్ప.

ఇంకొక రకం ఉంది: రంగురంగుల మాత్రలు మూడు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చే సెట్టు. అందులో తరచుగా డెక్సామెథసోన్ గాని ప్రెడ్నిసొలోన్ గాని ఉంటుంది. ఈ స్టెరాయిడ్లతో రెండో రోజుకే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మనిషికి హుషారు వస్తుంది కాబట్టి ఇచ్చినవారికి మంచి పేరు. కొన్ని నెలలకు ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. పైగా శరీరం తనంతట తాను తయారు చేసుకునే కార్టిసాల్ అనే హార్మోన్‌ను తగ్గించుకుంటుంది. ఆ స్థితిలో సెట్టును హఠాత్తుగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు వచ్చి, బీపీ పడిపోయి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. కల్లు గురించి వైద్యులు చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది. ట్రమడాల్ కూడా ఈ మధ్య నొప్పికి విచ్చలవిడిగా వాడుతున్నారు. అది నల్లమందు కుటుంబపు మందు. మలబద్ధకం, మగతతో పాటు మోతాదు మించితే ఫిట్స్ తెస్తుంది. కల్లుతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మీ నాయనగారి గోలీల అట్టలు ఒక్కసారి చూడండి.

వనపర్తి లెక్చరర్

గంజాయి, గుట్కాల గురించి క్లుప్తంగా రాస్తాను. గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం పొగ ద్వారా నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. తింటే గంటా రెండు గంటలు పడుతుంది గాని ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. కాలం మెల్లగా నడిచినట్టు అనిపించడం, కళ్లు ఎర్రబడటం, గుండె వేగం పెరగడం, ఆకలి, అకారణంగా నవ్వు కొందరిలో కనిపిస్తే, మరికొందరిలో తీవ్రమైన భయం, అనుమానం కలుగుతాయి. ఇది కొవ్వులో నిలవ ఉంటుంది కనుక రోజూ తాగేవారి మూత్రంలో వారాల తర్వాత కూడా బయటపడుతుంది. గంజాయి ఆపినంత మాత్రాన కల్లులాగా ఫిట్స్ రావు. చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం ఉంటాయి. అంతమాత్రాన దాన్ని తేలిగ్గా తీసుకోమని నా అభిప్రాయం కాదు. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుంది. ఇంటర్ వయసులో మొదలుపెట్టి రోజూ తాగే పిల్లల్లో జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి. కుటుంబంలో మానసిక వ్యాధి ఉన్నవారిలో అది త్వరగా బయటపడే ప్రమాదం పెరుగుతుంది.

కేసు భయంతో పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లని తల్లిదండ్రులను చూస్తుంటాను. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకానికి గాని, కొద్ది పరిమాణం కలిగి ఉన్నందుకు గాని కేసు నమోదైన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ (కోర్టు విచారణ) నుంచి మినహాయింపు ఉంటుంది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

గుట్కా అంటే నికోటిన్, పోకచెక్క రెండూ. నికోటిన్ బుగ్గ లోపలి పొర గుండా రక్తంలో కలిసి గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, మెదడులో డోపమిన్‌ను విడుదల చేయించి మళ్లీ మళ్లీ అడిగేలా చేస్తుంది. పోకచెక్క బుగ్గ లోపలి పొరను నారలాగా గట్టిపరుస్తుంది. మీ తమ్ముణ్ణి నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోయినా, కారం తగిలితే నోరు మండినా వెంటనే దంత వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే అది క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది. మీ ఊరి మీటింగులో గంజాయి గురించి మాట్లాడేవారిలో ఎందరి జేబులో బీడీ కట్ట ఉందో ఈసారి గమనించండి.

డిండి వాగు

అందరికీ కృతజ్ఞతలు. నాయనను నల్లగొండలో చేర్పించాము. థయామిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వణుకు తగ్గింది, మమ్మల్ని గుర్తుపడుతున్నారు. రాత్రి నిద్ర మాత్రం ఇంకా సరిగా లేదు. డిశ్చార్జి తర్వాత తెలిసినవారి చెట్టు నుంచి దించిన మంచి కల్లు కొద్దిగా ఇస్తే తప్పేమిటని బంధువులు అడుగుతున్నారు. ఆయన కూడా అదే అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

పాలమూరు వైద్యుడు

చేర్పించడం మంచిదైంది. నిద్ర కుదుటపడటానికి వారాలు పడుతుంది. కొందరికి రెండు మూడు నెలలు. ఈ మధ్యకాలంలోనే ఎక్కువ మంది మళ్లీ దుకాణం వైపు వెళతారు, కాబట్టి నిద్ర లేకపోవడం ఆయన మొండితనం కాదని ఇంట్లో అందరికీ చెప్పండి. రాసిచ్చిన మాత్రలు అమ్మగారి దగ్గరే ఉంచి, చీటీలో ఉన్నట్టుగా తగ్గిస్తూ రావాలి. బాగున్నారు కదా అని ముందే ఆపకూడదు, నిద్ర రాలేదని ఎక్కువా వేయకూడదు. మగత ఉన్నన్నాళ్లు ట్రాక్టరు, బావి గట్టు దగ్గరికి వెళ్లనివ్వకండి. రాత్రి లేచినప్పుడు పడిపోకుండా పక్కన ఎవరైనా పడుకోవాలి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే అదొక పెద్ద కష్టం.

మంచి కల్లు విషయంలో నా జవాబు వద్దు అనే. అది కల్తీ లేనిదే అయినా అందులో ఆల్కహాలు ఉంటుంది, ఇంకా మాత్రలు నడుస్తున్నాయి. చెట్టు దగ్గర మొదలైన ఒక గ్లాసు దుకాణం తెరవగానే సీసా అవుతుంది. ఆ సీసాలో ఆల్ప్రజోలం ఉందో లేదో రంగు, రుచి, వాసన చూసి చెప్పగలిగినవారు లేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇన్నాళ్లు మానడం వల్ల ఆయన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుని ఉంటుంది. ఒకప్పుడు మామూలుగా తాగిన నాలుగు సీసాలు ఇప్పుడు ఊపిరి ఆపగలవు. బంధువులకు ఈ చివరి మాట ఒక్కటి చెప్పినా సరిపోతుంది.

డిశ్చార్జికి ముందే క్రియాటినిన్, కాలేయ పరీక్షల ఫలితాలు అడిగి తీసుకోండి. మందుల దుకాణం వారు చెప్పిన గోలీల అట్టలు, ముఖ్యంగా కాగితంలో చుట్టి ఇచ్చిన సెట్టు ఏదైనా ఉంటే అది, వార్డు వైద్యుడికి ఈ రోజే చూపించండి. అందులో స్టెరాయిడ్ ఉంటే దాన్నీ మెల్లగానే తగ్గించాలి, ఆ పని ఆయన వార్డులో ఉండగా మొదలుపెట్టడం తేలిక.